పాత క్యాంపర్ వ్యాన్‌లో కూలెంట్ ఎటు పోతోంది? హెడ్డు దించే ముందు చూస్కోవాల్సినవన్నీ

పాత టెంపో ట్రావెలర్నో మెటాడోర్నో కొనుక్కుని లోపల మంచం, చిన్న కిచెను, పైన సోలార్ ప్యానెలు పెట్టించుకుని తిరిగేవాళ్లు మన విజయవాడ, గుంటూరు వైపు ఈమధ్య కనపడుతున్నారు. వీళ్లకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే గొడవ ఒకటి ఉంది, రిజర్వాయర్ డబ్బాలో కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) తగ్గిపోతా ఉంటది, కింద చూస్తే చుక్క కూడా ఉండదు. అప్పుడు మామూలుగా రెండే జరుగుతాయి. రోజూ పొద్దున్నే ఒక బాటిల్ నీళ్లు పోసుకుని అలాగే నెలల తరబడి లాగించేయడం ఒకటి, ఆటోనగర్ తీసుకెళ్తే బండి ఆపీ ఆపకముందే "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, హెడ్డు దించాలి" అనే మాట వినడం రెండోది (హెడ్డు అంటే ఇంజన్ పై మూత, దానికీ కింది బ్లాకుకీ మధ్య సీలు వేసేది హెడ్ గ్యాస్కెట్). మొదటిది మెల్లగా ఇంజన్ని తినేస్తది, రెండోది మీ జేబుని ఒక్కసారే ఖాళీ చేస్తది, పైగా హెడ్డు దించి ఎక్కించాక కూడా నీళ్లు తగ్గుతానే ఉంటే ఇక ఎవరిని అడగాలో తెలీదు.

హెడ్డు దించడం అనేది ఆఖరి పని. దానికి ముందు ఇంటి దగ్గర మీరే చేసుకోగలిగిన పరీక్షలు చాలా ఉన్నాయి, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి ఒక వరసలో చేసుకుంటా పోతే సగం కేసులు పైపుల క్లిప్పుల దగ్గరో రేడియేటర్ క్యాపు దగ్గరో తేలిపోతాయి. కూలెంట్ పోవడానికి దార్లు మూడే: బయటికి కారడం, మరిగి పొంగి పోవడం, ఇంజన్ లోపలికి పోవడం. ఏ దారో తెలిసే వరకు ఏ పార్టూ మార్చొద్దు.

అసలు తగ్గుతోందా లేదా, అది ముందు

నవ్వొద్దు, ఇది నిజంగా తేల్చుకోవాల్సిన విషయమే. వేడి మీద కూలెంట్ వ్యాకోచించి డబ్బాలో పైకొస్తది, చల్లారాక కిందికి దిగుద్ది. సాయంత్రం వేడి మీద చూసిన లెవెలుని తెల్లారి చల్లగా ఉన్న లెవెలుతో పోల్చి "అర లీటరు పోయింది" అనుకునేవాళ్లు చాలామంది. అందుకే ఎప్పుడు చూసినా ఒకే టైముకి, పొద్దున్నే స్టార్ట్ చెయ్యకముందు, ఒకే చోట, సమానంగా ఉన్న నేల మీద చూడాలి. డబ్బా మీద పర్మినెంట్ మార్కర్‌తో గీత గీసి పక్కన తేదీ వెయ్యండి. రేడియేటర్‌కి విడిగా క్యాపు ఉంటే చల్లగా ఉన్నప్పుడు అది కూడా తీసి మెడ దాకా నిండి ఉందో లేదో చూడండి, ఎందుకంటే డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ సగం ఖాళీగా ఉండే కేసులు ఉంటాయి, దాని సంగతి క్యాపు దగ్గర చెప్తా.

ఈమధ్యే కూలెంట్ మార్పించి ఉంటే మొదటి కొన్ని రోజులు లెవెలు కొంచెం దిగడం మామూలే, లోపల ఇరుక్కున్న గాలి బయటికొచ్చి ఆ జాగాలోకి నీళ్లు పోతాయి. ఆ తర్వాత కూడా దిగుతుంటే మాత్రం లీకే. బాగున్న సిస్టం నెలల తరబడి గీత దగ్గరే ఉంటది, "పాత బండి కదా కొంచెం తాగుద్దిలే" అనే మాట నమ్మకండి, ఇంజన్ ఆయిల్ విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుద్ది, కూలెంట్ విషయంలో చెల్లదు.

దీంతోపాటు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: బండి కదలకుండా ఉన్న రోజుల్లో ఎంత తగ్గింది, ఊళ్లో తిరిగినప్పుడు ఎంత, హైవే మీద లాంగ్ వెళ్లినప్పుడు ఎంత, ఘాట్ ఎక్కినప్పుడు ఎంత. ఇది చాలా పనికొచ్చే లెక్క. ఊరికే నిలబెట్టినా తగ్గుతుంటే బయటి లీకు, అందులోనూ క్లిప్పుల దగ్గర చల్లారినప్పుడు రబ్బరు ముడుచుకుని కారే రకం అనుకోవచ్చు. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఇరుక్కున్నప్పుడే తగ్గుతుంటే ఫ్యాను వైపు చూడాలి. కోటప్పకొండ ఘాట్ లాంటిది ఫుల్ లోడుతో ఎక్కినప్పుడే తగ్గి, ఊళ్లో తిరిగితే తగ్గకపోతే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మీద కొంచెం అనుమానం పెట్టుకోవచ్చు. క్యాంపర్ అంటే ఎప్పుడూ లోడుతో ఉన్న బండే కదా, ప్లైవుడ్డు, బ్యాటరీలు, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు అన్నీ కలిపి ఎప్పుడూ మోస్తానే ఉంటది, కాబట్టి మామూలు ట్రావెలర్‌లో బయటపడని బలహీనత ఇందులో బయటపడుద్ది.

క్యాపు

అన్నిటికన్నా చవకైన పార్టు, అందరూ వదిలేసే పార్టు ఇదే. రేడియేటర్ క్యాపు ఇంట్లో కుక్కర్ విజిల్ లాంటిది, లోపల ప్రెషర్ నిలబెట్టి మరిగే డిగ్రీని పైకి జరుపుద్ది. మామూలు నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి, అదే 0.9 బార్ ప్రెషర్ కింద దాదాపు 118 దాకా మరగవు, సగానికి సగం గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే రసాయనం) కలిస్తే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పైకి జరుగుద్ది. క్యాపు స్ప్రింగు వదులైపోయి ప్రెషర్ పట్టకపోతే ఈ లాభమంతా పోయి, మే నెలలో మన దగ్గర 45 డిగ్రీల ఎండలో బండి ఎక్కడా చెడిపోకుండానే మరిగి పొంగిపోద్ది.

క్యాపులో రెండు వాల్వులు ఉంటాయి. పెద్దది ప్రెషర్ ఎక్కువైతే డబ్బాలోకి వదిలేది. మధ్యలో ఉండే చిన్నది చల్లారినప్పుడు డబ్బాలోంచి నీళ్లు తిరిగి లోపలికి లాక్కునేది. ఈ చిన్నది పట్టేస్తే నీళ్లు డబ్బాలోకి పోతాయి గానీ వెనక్కి రావు, పొద్దున చూస్తే డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటది, పై హోస్ పైపు కూడా పిండేసినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంటది. ఆ పైపు అలా కనపడితే ఇంకేం వెతకొద్దు, ముందు క్యాపు మార్చండి. డబ్బాకి పోయే సన్న గొట్టం చిల్లుపడినా డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగానే ఉంటది, కాకపోతే నీళ్ల బదులు గాలి లాక్కుంటది కాబట్టి పై పైపు నొక్కుకుపోదు, ఆ గొట్టం కూడా ఒకసారి చూస్కోండి.

చల్లగా ఉన్నప్పుడు క్యాపు తీసి రబ్బరు వాషర్ చూడండి, గట్టిపడిందా, మీద గాట్లు పడ్డాయా, తెల్లటి పొర పేరుకుందా. రేడియేటర్ మెడ అంచు కూడా వేలితో తడిమి చూడండి, అక్కడ సొట్ట ఉంటే ఎన్ని కొత్త క్యాపులు వేసినా కూర్చోవు. కొత్తది కొనేప్పుడు పాతదాని మీద అచ్చేసిన నంబరు, 0.9 అనో 13 అనో ఉంటది, అదే కొనండి. ఇంకొంచెం ఎక్కువ ప్రెషర్‌ది వేస్తే మంచిదని షాపులో చెప్తారు, పాత రేడియేటర్‌కి అది మంచిది కాదు, క్యాపు ఆపిన ప్రెషర్ ఇంకెక్కడో బలహీనమైన చోట బద్దలవుద్ది.

వేడి మీద క్యాపు తియ్యొద్దని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు మొహం కాల్చుకుంటారు. పై హోస్‌ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారే వరకు క్యాపు జోలికి వెళ్లొద్దు, గుడ్డ వేసి తిప్పితే పర్లేదు అనేది కూడా వద్దు.

బయటి లీకు వెతకడం

మన వాతావరణంలో ఉన్న ఇబ్బంది ఏంటంటే, వేడి ఇంజన్ మీద సన్నగా కారిన కూలెంట్ కింద పడేలోపే ఆవిరైపోద్ది, పడినా తారు రోడ్డు మీద రెండు నిమిషాల్లో ఆరిపోద్ది. అందుకే తడి కోసం వెతికితే దొరకదు, ఆరిపోయిన మచ్చ కోసం వెతకాలి. కూలెంట్ ఆరిన చోట పచ్చగానో గులాబీగానో తెల్లగానో పొక్కులాంటి పొడి మిగులుద్ది. బోరు నీళ్లు పోసి నడిపిన బండి అయితే తెల్లటి సున్నం గీతలు, తుప్పు రంగు చారలు కనపడతాయి.

మొదటి పని, ఇంజన్ శుభ్రంగా కడగడం. మురికి మీద మచ్చ కనపడదు. డైనమో, వైర్ల సాకెట్ల మీద ప్లాస్టిక్ కవర్ కట్టి, మెల్లగా కడిగించి ఆరబెట్టండి. తర్వాత ఒక పాత ఫ్లెక్సీ తీసుకురండి, ఎలక్షన్లదో పుట్టినరోజుదో మన ఊళ్లో వాటికి కరువు లేదు, తెల్ల వైపు పైకి వచ్చేలా బండి కింద పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున చుక్క ఎక్కడ పడిందో, దానికి సూటిగా పైన ఏముందో తెలిసిపోద్ది, మరీ సూటిగా కాకపోవచ్చు, చుక్క ఛాసిస్ వెంట జారి వేరే చోట కూడా పడుద్ది, కానీ ముందా వెనకా అన్నదైతే తేలుద్ది. ఈ పరీక్ష చేసే రోజు సాయంత్రం ఏసీ వాడొద్దు, ఏసీ నీళ్లు కూడా కారతాయి, అవి వాసన లేకుండా, రంగు లేకుండా, జిడ్డు లేకుండా ఉంటాయి. కూలెంట్ అయితే వేళ్ల మధ్య రుద్దితే కొంచెం జారుద్ది, తియ్యటి వాసన ఉంటది. నాలుక మీద వేసుకుని చూసే పాత మెకానిక్కులు ఉన్నారు, మీరు ఆ పని చెయ్యకండి, ఇథిలీన్ గ్లైకాల్ విషం. వీధి కుక్కలు తియ్యగా ఉందని నాకేస్తాయి కూడా, కింద పడిన దాన్ని నీళ్లు పోసి కడిగెయ్యండి.

ఇప్పుడు టార్చి పట్టుకుని ఒక్కో చోటా చూడండి. ట్రావెలర్‌లో ఇంజన్ సగం క్యాబిన్‌లోనే ఉంటది కాబట్టి డ్రైవర్ పక్కనున్న కవర్ తీస్తే చాలా భాగం కనపడుద్ది, క్యాంపర్ చేసినప్పుడు ఆ కవర్ మీద బాక్సో టేబులో బిగించేసి ఉంటే మాత్రం ముందు దాన్ని ఊడతీసే ఏర్పాటు చేసుకోండి, ఎప్పటికైనా తప్పదు.

హోస్ పైపులు. రెండు చివర్లా క్లిప్పు కింద చూడండి, లీకు ఎక్కువగా అక్కడే. పైపుని చేత్తో నొక్కండి, మెత్తగా స్పాంజిలాగా ఉన్నా, గట్టిగా ఉండి నొక్కితే పటపటమన్నా మార్చాల్సిందే. డీజిల్ లేదా ఆయిల్ తడిసిన చోట రబ్బరు ఉబ్బుద్ది. క్లిప్పుని మరీ బిగించి బిగించి పైపుని కోసేసిన బండ్లు కూడా ఎన్నో. మెయిన్ పైపులు రెండూ చూసి వదిలేస్తారు అందరూ, సన్న బైపాస్ పైపులు, హీటర్ పైపులు వెనక్కి దాక్కుని ఉంటాయి, అవి కూడా చూడాలి.

రేడియేటర్. పాతది రాగి-ఇత్తడి రకమైతే ట్యాంకుకీ ట్యూబులకీ మధ్య సోల్డరింగ్ దగ్గర వదులుద్ది, ఆటోనగర్‌లో ఊడదీసి సోల్డర్ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, రిపేరు నిలబడుద్ది. అల్యూమినియం కోర్‌కి ప్లాస్టిక్ ట్యాంకు బిగించిన రకం అయితే ఆ మడత అంచు దగ్గర రబ్బరు చచ్చిపోయి కారుద్ది, ప్లాస్టిక్‌కి సన్న గీత పడి వేడి మీద మాత్రమే తెరుచుకుంటది. ఎమ్‌సీల్ పెట్టి ఇంటికి రావచ్చు గానీ అది రిపేరు కాదు.

వాటర్ బాడీ. బెల్టు తిప్పే పంపు ఇదే. దీని కింద వైపు చిన్న రంధ్రం ఉంటది, లోపలి సీలు పోతే నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి చెప్పడానికే ఆ రంధ్రం. దాని కింద కారిన చార కనపడితే సీలు పోయినట్టే. ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసే మహానుభావులు ఉన్నారు, అలా మూస్తే నీళ్లు బేరింగులోకి పోయి ఒకరోజు పంపు పట్టేస్తది, ఫ్యాను ఊడి రేడియేటర్‌ని కూడా చీల్చుద్ది. ఇంజన్ ఆపి, ఫ్యానుని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపండి, చాలా పాత ఇంజన్లలో ఫ్యాను ఈ పంపు మీదే ఉంటది, అటూ ఇటూ ఆడితే బేరింగు పోయింది.

తర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్ల దారి తెరిచే వాల్వు) హౌసింగ్ చుట్టూ గ్యాస్కెట్ చూడండి. తర్వాత డమ్మీ ప్లగ్గులు, బ్లాకుకి పక్కన గుండ్రంగా నాణెంలా కనపడే ఇనప బిళ్లలు. ఏళ్ల తరబడి కూలెంట్ లేకుండా ఉత్త నీళ్లతో నడిపితే ఇవి లోపల్నుంచి తుప్పుపట్టి సూది మొనంత చిల్లు పడతాయి. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా కూలెంట్ ఎందుకు అంటారు, కానీ మనకి కూలెంట్ కావాల్సింది గడ్డకట్టకుండా ఉండటానికి కాదు, తుప్పు ఆపడానికి, మరిగే డిగ్రీ పెంచడానికి. ఒక డమ్మీ గేర్‌బాక్సు వైపు ఇంజన్ వెనక దాక్కుని ఉంటే అది కారితే ఆయిల్ సీలు లీకు అనుకుని మోసపోతారు, గేర్‌బాక్సు దగ్గర నీళ్ల తడి కనపడితే ఇది గుర్తు పెట్టుకోండి.

హీటర్. విజయవాడలో హీటర్ ఎవరు వాడతారండీ, అందుకే ఆ వాల్వు, ఆ పైపులు ఉన్నాయన్న సంగతే మర్చిపోతారు. కానీ నీళ్లు వాటిల్లో తిరుగుతానే ఉంటాయి. క్యాబిన్‌లో తియ్యటి వాసన, ముందు అద్దం లోపల జిడ్డు పొర, డ్యాష్‌బోర్డు కింద మ్యాట్ తడి, ఇవి ఉంటే హీటర్ కోర్ కారుతున్నట్టే. అవసరం లేకపోతే రెండు పైపుల్ని కలిపేసి బైపాస్ చేసుకోవచ్చు.

ఇక క్యాంపర్లకే ఉండే గొడవ. కొంతమంది స్నానానికి వేడినీళ్ల కోసం ఇంజన్ కూలెంట్‌తో వేడయ్యే ట్యాంకు పెట్టించుకుంటారు. ఆ ట్యాంకు లోపలి కాయిల్‌కి చిల్లు పడితే కూలెంట్ మీ స్నానం నీళ్లలోకి పోద్ది, బయట ఎక్కడా చుక్క కనపడదు. వేడినీళ్ల ట్యాపు తిప్పి గ్లాసులో పట్టి రంగు, జిడ్డు, నురగ చూడండి. అనుమానం ఉంటే ఆ నీళ్లు వాడటం మానేసి, ఇంజన్ దగ్గరే ఆ రెండు పైపుల్నీ కలిపేసి నడిపి చూడండి, లెవెలు దిగడం ఆగిపోతే దొంగ దొరికినట్టే. అలాగే వెనక్కి పోయే పైపులు ప్లైవుడ్డు నేల కింద ఉంటే ఆ చుక్కల్ని ప్లైవుడ్డే పీల్చుకుంటది, నేల మీద మెత్తగా ఉబ్బిన చోట ఉందేమో కాలితో తొక్కి చూడండి.

ప్రెషర్ టెస్టు

కంటికి ఏమీ దొరక్కపోతే ఇది చెయ్యాలి, ఎవరైనా హెడ్డు దించమంటే ముందు దీన్ని చెయ్యమని అడగాలి. క్యాపు జాగాలో బిగించే చేతి పంపు, దానికి గేజీ ఉండే కిట్టు. రేడియేటర్ పనిచేసే షాపుల్లో అడిగితే ఉంటది, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుద్ది. చల్లటి ఇంజన్, రేడియేటర్ నిండా నీళ్లు, కిట్టు బిగించి క్యాపు మీద రాసున్న ప్రెషర్ దాకా కొట్టండి, 0.9 బార్ అంటే 13 పీఎస్ఐ, దాన్ని దాటొద్దు. పంచర్ షాపు కంప్రెషర్ గాలి పెట్టి చూద్దాం అనేవాళ్లు ఉంటారు, అందులో ప్రెషర్ 100 పీఎస్ఐ పైనే ఉంటది, రేడియేటర్ ట్యాంకు పగిలిపోద్ది, దగ్గరికి రానివ్వొద్దు.

పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా ఉండాలి. దిగుతుంటే చుట్టూ వెతకండి, చల్లటి ఇంజన్ కాబట్టి ఇప్పుడు కారింది ఆవిరవదు, తడి కనపడుద్ది. చీకట్లో దొరక్కపోతే కూలెంట్‌లో యూవీ డై కొంచెం కలిపి ఒక రోజు నడిపి, రాత్రిపూట దొంగనోట్లు చూసే యూవీ లైటు వేసి చూడండి, కారిన చోట మెరుస్తది. క్యాపుని కూడా అదే కిట్టు అడాప్టర్‌తో టెస్టు చెయ్యొచ్చు, ఎంత దగ్గర వదిలేస్తోందో తెలుస్తది.

ముల్లు దిగుతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే లోపలికి పోతోంది. ముల్లు కదల్లేదు, అయినా రోజూ తగ్గుతోంది అంటే వేడి మీద మాత్రమే తెరుచుకునే లీకు అయినా అయ్యుండాలి, మరిగి పోవడమైనా అయ్యుండాలి. వేడెక్కాక ఇంజన్ ఆపి, బాగా చల్లారనిచ్చి క్యాపు తీసి, ఇంజన్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఇంకోసారి టెస్టు పెడితే మొదటిది చాలాసార్లు పట్టుబడుద్ది.

మరిగి పోతోందా

నీళ్లు తగ్గి హీటెక్కిందా, హీటెక్కి నీళ్లు పోయాయా అన్నది తేల్చుకోకపోతే తప్పు రిపేరు చేస్తారు. పొంగి పోతే డబ్బా చుట్టూ, దాని పొంగు గొట్టం కింద చారలు ఉంటాయి.

బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎక్కి, హైవే ఎక్కగానే దిగితే గాలి సరిపోవట్లేదు, అంటే ఫ్యాను బెల్టు వదులు, లేదా విస్కస్ ఫ్యాను క్లచ్ (వేడిని బట్టి ఫ్యానుని తిప్పే భాగం) పోయింది, ఎలక్ట్రిక్ ఫ్యాను అయితే స్విచ్చో రిలేనో. హైవే మీద స్పీడుగా పోతుంటే ఎక్కితే నీళ్లు తిరగట్లేదు, అంటే రేడియేటర్ ట్యూబులు సున్నం పట్టి మూసుకున్నాయి, లేదా తర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోంది. తర్మోస్టాట్ తీసి గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేలాడదీసి చూడండి, ఎన్ని డిగ్రీలకి తెరవాలో దాని మీదే రాసుంటది, చాలావాటికి 80 చిల్లర. తర్మోస్టాట్ తీసి పారేసి నడపమనే సలహా మన దగ్గర బాగా ఎక్కువ, దానివల్ల ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుద్ది, అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటది.

రేడియేటర్ ఫిన్నుల (సన్న రేకుల) మధ్య చెత్త కూడా మర్చిపోవద్దు. కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దుమ్ము, పల్నాడు వైపు పత్తి లారీల వెనక పోతే దూది, పురుగులు అన్నీ ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగా ఉంటది, మధ్యలో దుప్పటి కప్పినంత ఉంటది. ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టాలి, మామూలు పైపుతోనే, వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే ఫిన్నులు వంగిపోతాయి.

లోపలికి పోతోందా

ఇక్కడికి వచ్చాక కూడా ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పొద్దు, రెండు మూడు కలవాలి.

ఆయిల్ క్యాపు కింద మీగడలా తెల్లగా ఉంటే హెడ్డు పోయిందంటారు. దగ్గర దగ్గర తిరిగే బండికి, వానాకాలంలో, గాలిలో తేమ వల్ల కూడా అది వస్తది. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెలు చూసే పుల్ల) మీద కూడా ఆయిల్ కాఫీ రంగులో ఉందా, ఆయిల్ లెవెలు పైకి పెరుగుతోందా చూడండి, ఈ రెండూ ఉంటే నిజమే. అనుమానంగా ఉంటే పాత పెనం ఒకటి బాగా వేడి చేసి దాని మీద డిప్‌స్టిక్ ఆయిల్ చుక్క వెయ్యండి, నీళ్లు ఉంటే చిటపటలాడుద్ది, లేకపోతే ఊరికే పొగ వస్తది. మొహం దూరంగా పెట్టండి, ఆ పెనం మళ్లీ వంటకి వాడకండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో మాత్రం ఇంజన్ తిప్పొద్దు, బేరింగులు పోతాయి.

కూలెంట్‌లో ఆయిల్ జిడ్డు తేలుతూ, ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే, మీ ఇంజన్‌కి నీళ్లతో చల్లబడే ఆయిల్ కూలర్ ఉంటే ముందు దాన్ని అనుమానించండి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ల ప్రెషర్ కన్నా ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్లలోకి పోద్ది. హెడ్డు దించకుండానే తేలే రిపేరు ఇది.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పై హోస్ పట్టుకోండి. నీళ్లు వేడెక్కకముందే, ఒకటి రెండు నిమిషాల్లోనే పైపు రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోంది. ముందురోజు నడిపిన బండి, రాత్రంతా చల్లారాక కూడా క్యాపు తియ్యగానే బుస్సుమంటే అదీ ఇదే.

బుడగల పరీక్ష. చల్లటి ఇంజన్, వాటర్ బాడీ తిప్పే బెల్టు తీసెయ్యండి, అప్పుడు పంపు కలిపే గాలి ఉండదు. రేడియేటర్ మెడ దాకా నింపి, క్యాపు తీసి ఉంచి స్టార్ట్ చేసి కొంచెం రేస్ చెయ్యండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే ఇరుక్కున్న గాలి. ఆగకుండా వరసగా, రేస్ ఇచ్చినప్పుడల్లా పెరుగుతా వస్తే గ్యాసు. నిమిషం మించి నడపొద్దు, నీళ్లు తిరగట్లేదు కదా. డైనమో కూడా అదే బెల్టు మీద ఉంటే చార్జింగ్ లైటు వెలుగుద్ది, కంగారు పడకండి.

దీనికే రసాయన పరీక్ష కూడా ఉంది, నీలం రంగు ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మెడ మీద పెట్టి లోపలి ఆవిరిని దాని గుండా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఉంటే రంగు మారుద్ది. పెట్రోల్ బండికి పసుపుగా స్పష్టంగా తెలుస్తది. డీజిల్‌కి ఐడ్లింగ్‌లో పొగలో ఆ గ్యాసు తక్కువ, రంగు మారడం తేలిగ్గా కనపడదు, అందుకే బండిని బాగా లోడు మీద నడిపించి వచ్చాక చెయ్యాలి. కూలెంట్ ఆ గొట్టంలోకి ఎక్కితే టెస్టు పాడైనట్టే, మెడ దగ్గర లెవెలు కొంచెం దించి చెయ్యండి.

ఏ సిలిండర్లోకి పోతోందో కూడా తేల్చొచ్చు. రాత్రి ప్రెషర్ టెస్టర్ బిగించి వదిలేసి, పొద్దున గ్లో ప్లగ్గులు (డీజిల్ ఇంజన్ స్టార్టింగ్‌కి సిలిండర్లని వేడిచేసేవి) అన్నీ ఊడదీసి సెల్ఫ్ కొట్టండి, నీళ్లు పోతున్న సిలిండర్ రంధ్రంలోంచి తుంపర వస్తది. ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. పొద్దున స్టార్టింగ్‌లో ఒక సిలిండర్ తప్పినట్టు కొట్టుకుని తెల్లటి తియ్యటి పొగ వచ్చి కాసేపటికి సర్దుకునే బండ్లకి ఇది సరిగ్గా సరిపోయే పరీక్ష. సెల్ఫ్ కొడితే టక్కున ఆగిపోయి తిరగకపోతే బలవంతంగా మళ్లీ మళ్లీ కొట్టకండి, సిలిండర్ నిండా నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది, గ్లో ప్లగ్గులు తీశాకే తిప్పాలి.

పాత ట్రావెలర్లు, కొన్ని మెటాడోర్లలో వచ్చింది మెర్సిడెస్ ఓఎం616 డిజైను, లైసెన్సు మీద ఇక్కడ తయారైన 2.4 లీటర్ల డీజిల్. దాని హెడ్డు పోత ఇనుము, అల్యూమినియం హెడ్లంత తేలిగ్గా వంగదు. అందుకని ఒకసారి హీటెక్కగానే హెడ్డు పోయిందని ముందే అనేసుకోకండి, పైన చెప్పినవి చేసి రుజువు చూసుకోండి.

హెడ్డు దించక తప్పకపోతే

రుజువులు దొరికాయి, దించుతున్నారు. అప్పుడు దగ్గరుండి నాలుగు అడగండి. హెడ్డుని స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజీతో చూడమనండి, చాలా ఇంజన్లకి 0.1 మిల్లీమీటరు దాటిన వంపు ఒప్పుకోరు, సరిగ్గా ఎంతో మీ ఇంజన్ మాన్యువల్లో ఉంటది. లేత్ షాపులో ఫేసింగ్ కొట్టే (హెడ్డు కింది ముఖాన్ని చదును చేసే) ముందే హెడ్డుని ప్రెషర్ పెట్టి వేడినీళ్లలో ముంచి క్రాకు ఉందేమో చూడమనండి, ఫేసింగ్ కొట్టాక క్రాకు బయటపడితే ఆ డబ్బులు దండగ. బ్లాకు పై ముఖం, లైనర్ల (సిలిండర్ గొట్టాల) అంచులు కూడా చూడాలి, హెడ్డు ఒక్కటే చూసి ఎక్కిస్తే మళ్లీ వస్తది. బోల్టులు టార్క్ రెంచితో, మాన్యువల్ వరసలో బిగించాలి, "చెయ్యి అలవాటు సార్" అంటే ఒప్పుకోకండి.

పసుపు, స్టాప్ లీక్ పౌడర్ సంగతి కూడా. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోసి సన్న చిల్లు మూసే పద్ధతి లారీ డ్రైవర్లది, అడవిలో ఇరుక్కున్నప్పుడు ఇంటికి చేరుస్తది. కానీ అది చిల్లుతోపాటు హీటర్ కోర్, రేడియేటర్ సన్న ట్యూబులు కూడా మూస్తది, ఇంటికొచ్చాక మొత్తం ఫ్లష్ చెయ్యాల్సిందే. సంక్రాంతి ట్రిప్పుకి ముందు నివారణగా పోసుకునే వస్తువు కాదు.

తిరిగి నింపడం, దారిలో

బోరు నీళ్లు పొయ్యొద్దు, మన వైపు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఇన్వర్టర్ బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరుకుద్ది, దాంట్లో కూలెంట్ సగానికి సగం కలపండి, లేదా కలిపి అమ్మేదే కొనండి. రంగు ఒకటే అని రెండు రకాలు కలపకండి, రంగు కంపెనీ ఇష్టం, లోపలి రసాయనం వేరుగా ఉండొచ్చు, కలిస్తే జిగురు కట్టే జతలు కూడా ఉన్నాయి. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా వాలు మీద పెట్టి, హీటర్ వాల్వు తెరిచి, క్యాపు తీసి మెల్లగా పొయ్యండి, ఎయిర్ బ్లీడ్ స్క్రూ ఉంటే దాంట్లోంచి బుడగల్లేకుండా నీళ్లు వచ్చేదాకా వదిలి బిగించండి. తర్మోస్టాట్ తెరుచుకుని కింది హోస్ వేడెక్కే దాకా నడిపి, చల్లారాక మళ్లీ నింపి, డబ్బా మీద కొత్త గీత గీయండి.

దారిలో ముల్లు చూసుకునేటప్పుడు ఒక విషయం: నీళ్లు మొత్తం పోతే సెన్సర్ చుట్టూ నీళ్లే ఉండవు కాబట్టి ముల్లు కిందికి పడిపోవచ్చు. ఘాట్ మీద ఎక్కుతా ఎక్కుతా ముల్లు హఠాత్తుగా దిగితే సంతోషించకండి, వెంటనే పక్కకి ఆపండి. ముల్లు మెల్లగా ఎక్కుతుంటే ముందు ఏసీ ఆపండి, హీటర్ ఉంటే ఫుల్లు పెట్టండి, కిటికీలు తెరవండి, చెమటలు పడతాయి గానీ ఇంజన్‌కి కొంచెం ఊరట. ఆగాక, నీళ్లు ఇంకా ఉండి ఆవిరి రాకపోతే ఐడ్లింగ్‌లో కాసేపు ఉంచొచ్చు, నీళ్లు పోయాయనిపిస్తే వెంటనే ఆపెయ్యాలి. వేడిగా ఉన్న ఇంజన్‌లోకి చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్డు క్రాకు ఇస్తది, అరగంటో గంటో ఆగి, చల్లారాకే, కొంచెం కొంచెంగా పొయ్యాలి.

బండిలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, ఒక లీటరు కూలెంట్, రెండు సైజుల క్లిప్పులు, పై హోస్ ఒకటి స్పేరు, ఒక క్యాపు, ఒక ఫ్యాను బెల్టు ఉంటే దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు వచ్చే చాలా ఇబ్బందులకి సరిపోతాయి. నీళ్లు పోసి పది కిలోమీటర్లు కూడా పోకుండా మళ్లీ ఖాళీ అయితే మాత్రం ఇక నడపకండి, వెనక్కి క్రేన్ మీద తీసుకురండి, ఆ బిల్లు హెడ్డు బిల్లు ముందు చాలా చిన్నది.